సహస్రాబ్దిలో సముద్రం

సందేహం: రాజమహేంద్రవరానికి వెయ్యేళ్లంటూ కట్టిన ఫ్లెక్సీలలో ‘సహస్రాబ్ధి’, ‘సహస్రాబ్ది’, ‘సహస్రాబ్దం’ అని మూడు రకాలుగా చూశాను. ఏది ఒప్పు? ఊరికి ‘జయంతి’ అనవచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: మొదటిది తప్పు. మిగతా రెండూ ఒప్పే.

అబ్దానికీ అబ్ధికీ మూలం ఒకటే: ‘అప్’, అంటే నీరు. నీటిని ఇచ్చేది అబ్దం. ముందు మేఘం, ఆ మీదట ఏడాది. ‘వర్షం’ అన్న మాటకు వాన, సంవత్సరం అని రెండర్థాలు వచ్చినట్టే ఇదీ. నీటిని తనలో ఉంచుకొనేది అబ్ధి, అంటే సముద్రం. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో అమరుడు ‘సంవత్సరో వత్సరోఽబ్దః’ అని కాలవర్గంలోనూ, ‘సముద్రోఽబ్ధిరకూపారః’ అని వారివర్గంలోనూ చదివాడు. ‘సహస్రాబ్ధి’ అని అచ్చువేయించినవారు గోదావరి గట్టున వెయ్యి సముద్రాలకు పండుగ చేస్తున్నారన్నమాట!

అలాగని ఈ వెయ్యేళ్ల లెక్కలో సముద్రానికి చోటు లేకపోలేదు. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకాన్ని కోరుమిల్లి తామ్రశాసనం ‘శకవత్సరేషు వేదాంబురాశినిధివర్తిషు’ అని చెబుతుంది. ఇక్కడ మాటలే అంకెలు: వేదాలు 4, అంబురాశులు 4, నిధులు 9. వరసగా చదివి 449 అనుకుంటే చరిత్ర తలకిందులవుతుంది. అంకెలకు వామగతి కనుక చివరినుంచి పట్టాలి: 944. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1022. సూర్యుడు సింహంలో ఉన్నాడనీ, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం, తులాలగ్నమనీ అదే శ్లోకం చెబుతుంది. పండితులు దాన్ని 1022 ఆగస్టు 16గా లెక్కగట్టారు. అంబురాశి అంటే అబ్ధే కదా! శాసనకవి సముద్రాన్ని నాలుగంకెకు వాడుకొన్నాడు, మనవాళ్లు ఏకంగా సంవత్సరం చేసేశారు.

ఇంకొక మాట. 2022లో వెయ్యేళ్లు నిండింది పట్టాభిషేకానికి. ఊరికీ అన్నే ఏళ్లని ఈ శ్లోకం చెప్పదు. ‘రాజమహేంద్ర’ బిరుదు రాజరాజుకంటే ముందే, పదో శతాబ్దపు అమ్మరాజులకు ఉంది. కాబట్టి ‘పట్టాభిషేక సహస్రాబ్ది’ అంటే పేచీ లేదు. ‘నగర సహస్రాబ్ది’ అంటే ఏదో సర్దుకుపోవాలి. నన్నయ భారత అవతారికలో ఈ నగరాన్ని వేంగీదేశానికి ‘నాయకరత్నంబునుం బోని రాజమహేంద్రపురంబు’ అన్నాడు. నాయకరత్నమంటే హారం నడుమ పొదిగే మణి. అంత చక్కని మాట చేతిలో ఉండగా ‘చారిత్రక నగరి’ అన్న అరిగిపోయిన మాటే ప్రతి ఆహ్వానపత్రికలోనూ ఎందుకో!

ఒత్తు ఎక్కడ తప్పుతోంది? చాలావరకు కీబోర్డు దగ్గర. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారు ‘డి’ తరవాత అలవాటుగా ‘హెచ్’ కూడా నొక్కుతారు. ‘ద’ పడాల్సిన చోట ‘ధ’ పడుతుంది. లబ్ధి, క్షుబ్ధం లాంటి మాటల పోలిక కూడా కొంత తప్పుదారి పట్టిస్తుంది. లభ్, క్షుభ్, రభ్, స్తంభ్ ధాతువుల చివరి ‘భ’కారానికి ‘త’ తగిలి ‘బ్ధ’ పుడుతుంది. అందుకే లబ్ధం, క్షుబ్ధం, ప్రారబ్ధం, స్తబ్ధం. అబ్దంలో ఆ ‘భ’కారమే లేదు. శబ్దానికీ ఒత్తు అక్కర్లేదు. ‘నిశ్శబ్ధం’ అని రాసేవారు కాస్త నిశ్శబ్దంగా ఉంటే మేలు.

ఇక ‘అబ్ది’, ‘అబ్దం’ మాట. సప్తశతి, త్రిలోకిలాగా సమాహార ద్విగువులో, అంటే సంఖ్య ముందుండి మొత్తాన్ని ఒక్కటిగా చెప్పే సమాసంలో, ‘సహస్రాబ్దీ’ అయి, తెలుగులో చివరి దీర్ఘం పోయి ‘సహస్రాబ్ది’ నిలుస్తుంది. కాలపరిమాణానికి ‘అబ్దం’, వేడుకకు ‘అబ్ది’ అని ఇప్పుడొక వాడుక స్థిరపడుతోంది. వ్యాకరణం అలా విధించలేదు, అభ్యంతరమూ చెప్పలేదు. నాకైతే ఆ తేడా పాటించడమే బాగుందనిపిస్తుంది.

జయంతి మనుషులకూ దేవుళ్లకూ. ఊరికి వద్దు.

‘సహస్రాబ్ది ఉత్సవం’ అని విడదీసి రాయడం వాడుకలో చెల్లిపోతోంది. కలిపితే ‘సహస్రాబ్ద్యుత్సవం’ కావాలి, మైకు ముందు అది ఎంతమందికి పలుకుతుందో అనుమానమే. ‘వెయ్యేళ్ల పండుగ’ అంటే సంధి బాధా లేదు, ఒత్తు బాధా లేదు.