టర్కీ గుడ్లు పిల్లలైతలేవంటే ముందు దాచిన జాగ చూడు

తమ్మీ, పదిహేను రోజులు గుడ్లు వంటింట్ల జమచేసి ఇంక్యుబేటర్ల, అంటే గుడ్లు పొదిగే మిషన్ల పెడితే సగం కూడ పిల్లలు కాలేదన్నవ్ గదా, మిషన్ ఖరాబని అప్పుడే అనుకోకు. టర్కీ గుడ్డును 7 రోజుల్లోపు పెట్టెయ్యాలె, 10 దాటితే లోపల పిండం బలం తగ్గుతది. దాచే జాగ 13 నుంచి 18 డిగ్రీలుండాలె, మన వరంగల్ ఎండలకు వంటింట్ల అదెక్కడైతది, వేడికి పిండం సగం మొదలై చచ్చిపోతది. అట్లని ఫ్రిజ్‌ల పెట్టకు, అది మరీ చల్లన. రంజన్ (నీళ్ల కుండ) కింద పెట్టినట్టు తడి ఇసుక పోసి, దాని మీద బుట్టల గుడ్లు సన్న మొన కిందికి పెట్టి తడి గోనెసంచి చుట్టు కట్టు, గుడ్లకు మాత్రం తడి తగలొద్దు. ఎండకాలమైతే ఎంత తొందరగ పెడితే అంత మంచిది. కడగకు, గుడ్డు మీదున్న పొర పోతే క్రిములు లోపలికి పోతయ్.

ఫ్యానున్న మిషన్లయితే 37.5 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం, దినాం మూడుసార్లన్న తిప్పాలె. కోడిగుడ్డు లెక్క 21 రోజులకే పగలగొట్టి చూడకు, టర్కీకి 28 రోజులు పడ్తది! 25వ రోజు తిప్పుడు ఆపి తేమ 70 దాక పెంచు, ఇగ మూత తియ్యకు. పదో రోజు చీకట్ల టార్చ్ పెట్టి చూడు, నరాలు కనబడనివి తీసెయ్.

అన్నట్టు పుంజు ఉందా, పెట్టలతోని కలుస్తుందా? అది జర చెప్పు.