ఫాస్ఫరస్ మాత్రలు తిండితోనే వేస్కో నాన్నా

నాన్నా,

నీకు ఉద్యోగం వచ్చిందనీ, వేరే ఊళ్ళో ఒక్కడివే రూమ్ తీస్కుని డయాలసిస్ కూడా అక్కడే చేయించుకుంటావనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ గాభరాగా ఉంది. డయాలసిస్ నువ్వు మానవు, అది నాకు తెలుసు. నా బెంగంతా ఆ ఫాస్ఫరస్ మాత్రల మీదే, అదే, తిండిలోని ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా ఆపే మాత్రలు. నీళ్ళు ఎక్కువ తాగితే ఆయాసం వచ్చి పట్టిచ్చేస్తుంది, ఇవి ఎగ్గొడితే నెలల తరబడి ఏమీ తెలీదు, అందుకే చాలామంది వీటినే ఎగ్గొడతారు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తా. డోస్ డాక్టర్ చెప్పిందే, నీ ఇష్టానికి మార్చకు. నీకిచ్చిన మాత్ర సెవెలమర్ అనే రకం అయితే నమలకూడదు, విరగ్గొట్టకూడదు, తడి తగిలితే ఉబ్బుతుంది కాబట్టి గుటుక్కున మింగేయ్. లాంథనమ్ అనే ఇంకో రకానికి మారిస్తే దానికి పూర్తి రివర్స్, బాగా నమలాల్సిందే. నల్ల కూల్ డ్రింకుల జోలికి పోకు.

ఇంక మీ బాబాయి సంగతి విను. ఆయన మాత్ర మానే మనిషి కాదు, డబ్బాలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గడులు పెట్టుకుని మరీ వేసుకునేవాడు. పొద్దున్నే బీపీ మాత్రతో పాటు దీన్నీ ఖాళీ కడుపున మింగేసేవాడు, టిఫిన్ ఎప్పుడో రెండు గంటల తర్వాత. మధ్యాహ్నం భోజనం ఆఫీసులో, మాత్ర ఇంట్లో డబ్బాలో! సాయంత్రం ఇంటికొచ్చి, అయ్యో మర్చిపోయానే అని అప్పుడు వేసుకునేవాడు. ఫాస్ఫరస్ 7 దాటింది, మామూలుగా 4.5 లోపు ఉండాలి. డాక్టర్ అడిగితే "వేసుకుంటున్నానండీ" అనేవాడు, అది అబద్ధమూ కాదు. డోస్ పెంచారు. అంకె దిగలేదు గానీ మోషన్ బిగుసుకుపోయింది. రాత్రుళ్ళు దురద, దువ్వెన తీస్కుని వీపు ఎర్రగా అయ్యేదాకా గోక్కునేవాడు, నేను లాక్కుంటే కోపం.

చివరికి డైటీషియన్ ఒకావిడ "అన్నం తిన్నాక ఎంతసేపటికి వేసుకుంటారు?" అని అడిగింది, అంతకుముందు ఆ మాట ఎవరూ అడగలేదు. ఈ మందు రక్తంలోకి వెళ్ళి పనిచేసేది కాదట, పేగులో ఉండి అప్పుడే తిన్న తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని మోషన్‌లో బయటికి పంపేస్తుందట. తిండి లేనప్పుడు వేస్కుంటే బస్సు వెళ్ళిపోయాక స్టాప్‌లో నిలబడ్డట్టే. ముద్దల మధ్యలో వేసుకోవడం మొదలెట్టాక అంకె మెల్లగా దిగింది. కానీ అప్పటికే ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర రక్తనాళం ఎముకలాగా తెల్లగా కనపడింది, కాల్షియం పేరుకుందన్నారు. అది మళ్ళీ పోయేది కాదు. ఆ ఫిల్మ్ చూశాను కాబట్టే నిన్నింత సతాయిస్తున్నా.

డయాలసిస్ ఉందిగా అనకు. నాలుగు గంటల సెషన్‌లో పోయే ఫాస్ఫరస్ సుమారు 800 నుంచి 1000 మిల్లీగ్రాములు, అంటే దాదాపు ఒక రోజు తిండిలో ఉండేంత. నువ్వు వారానికి 3 రోజులు వెళ్తావు, తినేది 7 రోజులు. ఒక్కడివే ఉంటావు కాబట్టి ప్యాకెట్ తిండి మీద పడతావని నా భయం. పప్పుల్లో, గింజల్లో ఉండే ఫాస్ఫరస్ సగం దాకానే ఒంటికి పడుతుంది, ప్యాకెట్లలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పట్టేస్తుంది. వెనకాల పేర్లలో ఎక్కడైనా "ఫాస్" అని కనపడితే పక్కన పెట్టేయ్.

మాత్రలు ఇంట్లో కాదు, జేబులో ఉండాలి. ఆఫీసులో అందరి ముందు మింగాలంటే సిగ్గేస్తుందేమో, వెధవ సిగ్గు, ఎవరైనా అడిగితే విటమిన్లని చెప్పు. తినకపోతే వేస్కోకు, సాయంత్రం చిరుతిండికి కూడా వేస్కోవాలా అన్నది డాక్టర్నే అడుగు. థైరాయిడ్ మాత్రో యాంటీబయాటికో రాస్తే ఎంత గ్యాప్ ఇవ్వాలో అడక్కుండా రాకు, వాటినీ ఇది పట్టేసుకుంటుంది. మోషన్ బిగిస్తే నోరు మూసుకుని మాత్రలు తగ్గించుకోకు బంగారం, చెప్తే వేరేది ఇస్తారు. కడుపులో మంట అని సొంతంగా యాంటాసిడ్ కొని తాగావంటే మాత్రం ఊరుకోను, కొన్నిట్లో అల్యూమినియం ఉంటుంది, కిడ్నీలు పనిచేయనప్పుడు అది ఎముకల్లో, మెదడులో చేరుతుంది.

ఈ నెల రిపోర్ట్ రాగానే ఫోటో పెట్టు, ఫాస్ఫరస్ ఒక్కటే కాదు, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్) కూడా కనపడాలి. తిట్టాలో వద్దో అది చూశాక చెప్తా.

మీ పిన్ని