లైట్లు పెట్టే మీ అబ్బాయి గురించి

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్ నడుపుకునే ఒక తండ్రి ఇలా రాశారు: "మావాడు బీకాం మూడో సంవత్సరం. రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఏడాదిన్నరగా గాంధీనగర్లో ఒక చిన్న నాటక సమాజం చుట్టూ తిరుగుతున్నాడు. ఇంటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర. అక్కడ ఎవరికీ జీతాల్లేవు. పోనీ వేషం వేస్తాడా అంటే అదీ లేదు, లైట్లు పెడతాడట, సెట్టు మోస్తాడట. బ్యాంకు కోచింగ్‌కి డబ్బు కడతానంటే వద్దు, రెండేళ్లు నన్ను వదిలెయ్ నాన్నా అంటున్నాడు. ఎన్టీ రామారావు గారు కూడా ఉద్యోగం వదిలేసే వెళ్లారు కదా అని నాకే చెబుతున్నాడు. ఈ దారిలో వాడికి బతుకుతెరువు ఉందా? ఆపమంటారా?"

అన్నగారూ, ఆపొద్దు. అలాగని అతను అడిగినట్టు రెండేళ్లు పట్టించుకోకుండా వదిలేయనూ వద్దు. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయాలు నాలుగైదు ఉన్నాయి, అవి చెబుతాను.

ముందు ఆ రామారావు గారి మాట తేల్చేద్దాం. ఆయన గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగంలో చేరి మూడు వారాలకే మానేసిన మాట నిజం. కానీ అంతకుముందే గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ పూర్తి చేశారు, ఆ ఉద్యోగం పోటీ పరీక్ష రాసి తెచ్చుకున్నారు. వదిలేయడానికి ఆయన చేతిలో ఒక ఉద్యోగం ఉంది. మీవాడి చేతిలో రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. కాబట్టి మొదటి షరతు ఇదే, ఇందులో బేరం లేదు: ఆ రెండు సబ్జెక్టులూ పాసై డిగ్రీ చేతికి రావాలి. ఇది మీ తృప్తి కోసం చెప్పడం లేదు. నాటకరంగాన్ని చదువుగా తీసుకుందామన్నా డిగ్రీ లేకుండా ప్రధానమైన కోర్సుల్లో దేనికీ అప్లికేషన్ పెట్టలేడు.

ఇక డబ్బు సంగతి. మన వైపు చిన్న సమాజాలు ఎలా నడుస్తాయో చెబితే మీకు ఆ "జీతాల్లేవు" అన్నది అర్థమవుతుంది. సమాజం నడిపే పెద్దమనిషి ఎల్ఐసీలోనో బ్యాంకులోనో బడిలోనో పనిచేసి ఉంటాడు, మిగతావాళ్లూ దాదాపు అంతే, పగలు ఉద్యోగం, సాయంత్రం రిహార్సల్. ఒక నాటిక తయారు చేసి పరిషత్తు పోటీలకు, అంటే ఊళ్లలో నాటక పోటీలు పెట్టే సంఘాలకు, పంపిస్తారు, ఎంపికైతే వెళ్లి ఆడతారు, పరిషత్తువాళ్లిచ్చే ప్రదర్శన ఖర్చు, బహుమతి వస్తే ఆ డబ్బు, అన్నీ కలిపి వ్యాను కిరాయికి, సెట్టుకు, మేకప్ మ్యాన్‌కు, నటీమణుల పారితోషికానికి పోతాయి. నటీమణులకు ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, ఎందుకంటే వాళ్లలో చాలామందికి అదే జీవనాధారం, ఒక్కొక్కరు ఒకే సీజన్‌లో మూడు నాలుగు సమాజాలకు పనిచేస్తుంటారు. మగవాళ్లకు మిగిలేది భోజనం, జ్ఞాపిక. కాబట్టి ఆ సమాజం మీ అబ్బాయికి ఉద్యోగం ఇస్తుందేమోనని మీరు ఎదురుచూడకండి, అతన్నీ ఎదురుచూడనివ్వకండి. సమాజంలో దొరికేది పని. ఆ పనికి డబ్బు వేరే చోట నుంచి వస్తుంది.

మీరు కాస్త చిన్నతనంగా రాసిన ఆ లైట్ల మాట ఉంది చూశారూ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ధైర్యం కలిగించింది అదే. వేషం కోసం వచ్చే కుర్రాళ్లకు కొదవ లేదు. ఒక నాటికలో ఆరేడు పాత్రలుంటే అందులో కుర్రవాడి పాత్ర ఒకటో రెండో, వాటికి పదిమంది పోటీ. అదే లైటింగ్ తెలిసినవాడు, సెట్టు కట్టడం తెలిసినవాడు, నేపథ్య సంగీతం సరిగ్గా మాట మీద పడేలా నడిపించగలిగినవాడు ఒక ఊరికి కొద్దిమందే ఉంటారు. అందుకే ఒకే మనిషిని నాలుగైదు సమాజాలు పిలుస్తాయి, పిలిచినప్పుడు డబ్బిచ్చి పిలుస్తాయి.

పరిషత్తు పోటీలో ఏం జరుగుతుందో మీరు ఒక్కసారి చూడాలి. సాయంత్రం మొదలైతే ఒకదాని తర్వాత ఒకటి రెండు మూడు నాటికలు పడతాయి. ముందు నాటిక అయిపోగానే వాళ్ల సెట్టు తీసేసి మీ సెట్టు కట్టాలి, ఇల్లు, అరుగు, కిటికీ, అన్నీ కొద్ది నిమిషాల్లో నిలబెట్టాలి, లైట్లు ఎక్కడ పడాలో అక్కడికి తిప్పుకోవాలి, పరిషత్తువాళ్లు ఇచ్చిన లైట్లు మనం రిహార్సల్లో అనుకున్నవి కాకపోతే అప్పటికప్పుడు సర్దుకోవాలి. తర్వాత గంట సేపు చీకట్లో కూర్చుని, ఏ డైలాగు దగ్గర ఏ లైటు తగ్గాలో, ఏది ఆరిపోవాలో, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా చెయ్యాలి. పొరపాటు చేస్తే నటుడు ఏడుస్తున్న సీను చీకటైపోతుంది. అయిపోయాక మళ్లీ అంతా విప్పి వ్యాను ఎక్కించి, తెల్లవారుజామున ఇంటికి రావాలి. మీ షెడ్‌లో నూలువాసి తేడా వస్తే జాబ్ పనికిరాదు కదా, అక్కడ లెక్క అలా ఉంటుంది. మీరు పద్నాలుగేళ్ల వయసులో మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా చేరానని రాశారు. మొదటి ఏడాది మీకు ఆయన ఎంతిచ్చాడో మీకే గుర్తుంటుంది.

ఈ పని వచ్చిన చేతికి నాటకం బయట చాలా అడుగుతారు. కాలేజీ యానివర్సరీలు, కూచిపూడి ఆరంగేట్రాలు, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం లాంటి చోట్ల జరిగే సభలు, ఆలయాల ఉత్సవాలు, ఇప్పుడైతే పెళ్లిళ్ల సంగీత్‌లు కూడా. వీటన్నిటికీ స్టేజి లైటింగ్ కావాలి. అయితే లైటు వెలుగు పెంచే తగ్గించే పాత డిమ్మర్ బోర్డుతో సరిపోదు, రంగులు మారే ఎల్ఈడీ పార్ లైట్లు, వాటన్నిటినీ ఒకచోట నుంచి నడిపే డీఎంఎక్స్ కంట్రోలర్ ప్రోగ్రామ్ చేయడం రావాలి. ఇది బీకాం కుర్రాడు నేర్చుకోగలిగిందే. బ్యాంకు కోచింగ్‌కి కడదామనుకున్న డబ్బు పూర్తిగా అతని చేతిలో పెట్టమని చెప్పను, కానీ ఎవరైనా మంచి లైటింగ్ సప్లయర్ దగ్గర ఆరు నెలలు పగటిపూట పనికి చేరితే మీకు ఖర్చూ ఉండదు, అతనికి పరికరాలూ తెలుస్తాయి, చేతిఖర్చుకు ఎంతో కొంత వస్తుంది కూడా.

చదువు సంగతి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, 1959 నుంచి నడుస్తున్న సంస్థ, మూడేళ్ల డిప్లొమా. అక్కడ రంగాలంకరణ (సెట్టు), రంగోద్దీపనం (లైటింగ్) కూడా నేర్పిస్తారు, విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. దరఖాస్తుకు డిగ్రీ ఉండాలి, కనీసం ఆరు నాటక ప్రదర్శనల్లో పనిచేసిన అనుభవం ఉండాలి, హిందీ, ఇంగ్లిష్ పని నడిచేంత రావాలి. ఆ ఆరు ప్రదర్శనలు ఎక్కడినుంచి వస్తాయి చెప్పండి? మీరు కోప్పడుతున్న ఆ చిన్న సమాజం నుంచే. సీట్లు బాగా తక్కువ, దేశమంతా పోటీ, వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ అదే సంస్థకు బెంగళూరులో కేంద్రం ఉంది, అక్కడ ఏడాది కోర్సు, అదీ ప్రయత్నించవచ్చు. తెలుగు నేల మీదే చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. పీజీ చేతిలో ఉంటే స్కూళ్లలో డ్రామా టీచర్ ఉద్యోగాలకు వెళ్లవచ్చు. పెద్ద ప్రైవేటు స్కూళ్లలో ఇప్పుడు నాటకం నేర్పేవాళ్లకు గిరాకీ బాగానే కనిపిస్తోంది.

ఇందుకోసం మీవాడు ఇవాళే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. ఒక నోటు పుస్తకం పెట్టుకోమనండి. ఇప్పటిదాకా పనిచేసిన ప్రతి నాటిక పేరు, తేదీ, ఊరు, ఏ పని చేశాడు, కరపత్రం, ఫొటో, ఉంటే సర్టిఫికెట్. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఎనిమిది నాటికల్లో చేసింది, ఒక్కదానికీ కాగితం లేదు, కరపత్రంలో పేరు కూడా వేయించుకోలేదు. ఇంటర్వ్యూకి ఒక వారం ముందు ఆ పిల్ల పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. తెరవెనుక పనిచేసేవాళ్ల పేర్లు కరపత్రంలో తరచూ జారిపోతాయి, అడిగి వేయించుకోవాలి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కేంద్ర ప్రభుత్వ పథకాలు రెండు చెబుతాను. యువ కళాకారుల స్కాలర్‌షిప్ అని ఉంది, 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లపాటు. నాటకం కూడా అందులో ఉంది. కానీ గురువు దగ్గర కనీసం ఐదేళ్ల శిక్షణ చూపించాలి, కాబట్టి ఏడాదిన్నర అనుభవంతో మీవాడికి ఇప్పుడు కుదరదు, దీనిమీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది గురు శిష్య పరంపర గ్రాంటు. ఇది సంస్థకు వస్తుంది, గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా. దీనికి సమాజం రిజిస్టర్ అయి ఉండాలి, స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే దర్పణ్ పోర్టల్లో నమోదై ఉండాలి, లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. మన చిన్న సమాజాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, నాటకం బ్రహ్మాండంగా ఆడతారు, కాగితాలు మాత్రం ఉండవు. బీకాం చదివినవాడు ఆ సమాజంలో ఉన్నాడు కదా! జమాఖర్చులు, దరఖాస్తులు అతను చేతిలోకి తీసుకుంటే సమాజానికీ మేలు, కళాసంస్థల నిర్వహణ అనే ఇంకో పని అతనికీ వచ్చినట్టు. ఆ కోణంలో అతనితో ఎవరూ మాట్లాడి ఉండరు, మీరు మాట్లాడండి.

గొంతు బాగుంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటక విభాగానికి ఆడిషన్ ఇవ్వవచ్చు. 1948 నుంచి ఉన్న కేంద్రం, రేడియో నాటకానికి పేరున్న చోటు. ప్రోగ్రామ్‌కి ఇంత అని ఇస్తారు, దానిమీదే బతకలేం, గ్రేడు వస్తే మాత్రం గౌరవం.

మీవాడు పుట్టి పెరిగిన చోటు కూడా ఈ పనికి మంచి చోటేనని మీరు గమనించాలి. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. స్త్రీ పాత్రలకు పేరుపొంది పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారిది బాపట్ల. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు జరిగింది గుంటూరులో, వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో. పోటీలు చూడాలంటే మీవాడు రైలెక్కి దూరం పోనక్కర్లేదు, గంట రెండు గంటల బస్సు ప్రయాణంలో అన్నీ ఉన్నాయి. ఇతర సమాజాల లైటింగ్ చూడటం కూడా చదువే.

జాగ్రత్త చెప్పాల్సింది ఒక్కటే. వేషం ఇస్తాం డబ్బు కట్టు అనే సమాజమైతే వెంటనే బయటికి రావాలి. సినిమా ఛాన్సు ఇప్పిస్తాం అని యాభై, అరవై వేలు కట్టించుకునే యాక్టింగ్ శిక్షణ అంటే ఇంకా దూరంగా ఉండాలి. అలాంటిచోట డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్లు ముగ్గురు నా దగ్గరికి వచ్చారు, ముగ్గురి ఇళ్లలోనూ అది అప్పు తెచ్చిన డబ్బే. పరీక్షల నెలలో రిహార్సల్ నుంచి సెలవు ఇస్తారా లేదా అనేది కూడా దర్శకుణ్ణి మీరే స్వయంగా అడగండి. మంచి దర్శకుడైతే కాదనడు.

ఇంట్లో ఒప్పందం ఇలా చేసుకోండి. సప్లిమెంటరీ పరీక్షలయ్యేదాకా వారానికి రెండు రోజులే రిహార్సల్. డిగ్రీ వచ్చాక ఏడాదిన్నర, పగలు లైటింగ్ సప్లయర్ దగ్గర పని, సాయంత్రం సమాజం. ఆ గడువులో కనీసం ఒక ప్రవేశ పరీక్ష రాయాలి, వేరే రెండు సమాజాలకైనా డబ్బు తీసుకుని లైటింగ్ చెయ్యాలి. ఈ రెండూ జరగకపోతే బ్యాంకు కోచింగ్‌కి వెళ్లాలి, అప్పటికీ వయసు ఉంటుంది, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు నాటకం ఆడేవాళ్లే మన సమాజాల నిండా ఉన్నారు. గడువు, షరతులు కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ రోజూ గొడవ తప్పుతుంది.

పల్నాడులో ఏదో పల్లెలో ఆడి వచ్చి 1,500 రూపాయలు వాళ్లమ్మ చేతిలో పెట్టాడని ఉత్తరం చివర్లో రాశారు. ఇంతకీ అది నటుడికిచ్చిన డబ్బా, లైట్ల పనికిచ్చిందా అని మీరు అడిగారా? ఈసారి వాళ్ల ప్రదర్శన దగ్గర్లో ఎక్కడ పడినా, చెప్పకుండా వెళ్లి వెనక వరసలో, లైట్ల బోర్డు పక్కన కూర్చోండి. నాటిక అయిపోగానే లేచి రావద్దు, సెట్టు విప్పేదాకా ఉండండి. ఆ తర్వాత కూడా ఆపాలనే అనిపిస్తే మళ్లీ రాయండి, మీ అబ్బాయిని కూడా తీసుకుని ఒక ఆదివారం రండి, మాట్లాడదాం.