సూట్‌కేసులో ఆవకాయ నూనె కారకుండా సర్దడం

ఆవకాయ పెట్టిన స్టీలు డబ్బాకు మూత బిగించి, పైన టేపు చుట్టినా డల్లాస్ చేరేసరికి చీరలన్నీ నూనె మరకలయ్యాయని ఒక పాఠకురాలు రాశారు. తప్పు మూతది కాదు, దాని కింద మిగిలిన గాలిది. ఎగిరే విమానంలో పీడనం నేల మీది పీడనంలో సుమారు నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది కనుక ఆ గాలి వ్యాకోచించి, సందుల్లోంచి నూనెను బయటికి నెడుతుంది.

1. పచ్చడిని అరకిలో చొప్పున మందపాటి ప్లాస్టిక్ కవర్లలో మూడింట రెండు వంతుల వరకే నింపాలి. అయితే నింపే ముందు కింది పని చేయండి.

2. చాలామంది వదిలేసే పని ఇది. నింపకముందే కవరు మూతిని, చొక్కా చేతులు మడిచినట్టు, నాలుగు వేళ్ల వెడల్పున బయటికి మడవాలి. వేడితో సీలు వేసి అతికించే చోట నూనె చుక్క ఉన్నా ప్లాస్టిక్ సరిగా కరిగి కలవదు. అతికినట్టే కనిపించి, ఒత్తిడి పడగానే విడిపోతుంది. నింపాక మడత విప్పి, లోపలి అంచును పొడిగుడ్డతో తుడిచి, గాలి పిండేసి, వేలెడు ఎడంలో రెండు సీళ్లు వేయండి.

3. దానిని రెండో కవరులో తలకిందులుగా పెట్టి మళ్లీ సీలు చేయండి.

4. రాత్రంతా పాత పేపరు మీద ఉంచి, పైన కందిపప్పు డబ్బా బరువు పెట్టండి. తెల్లారి మరక కనిపిస్తే ఆ కవరు మార్చాలి.

5. పెట్టె మధ్యలో, తువ్వాళ్ల నడుమ పరిచి, సందుల్లో చుట్టిన బనియన్లు కూరండి. స్టీలు డబ్బా ఇంట్లోనే ఉండిపోతుంది కనుక విమానంలో పెట్టెకు ఇచ్చే 23 కిలోల లెక్కలో ఆ బరువూ మిగులుతుంది.

దిగాక కస్టమ్స్ వారికి ఆహారం ఉందని తప్పక చెప్పండి.