ఉద్దానం తీరంలోని సొంతూరికి వచ్చేయొచ్చా? వచ్చేసినవాడి జవాబు

మీరు అడిగినవి మూడు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చు కాబట్టి భార్యనీ ఆరేళ్ళ పాపనీ తీసుకుని శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డునున్న సొంతూరికి వచ్చేస్తే ఎలా ఉంటుంది? పాపకు అక్కడ ముందు ముందు ఏముంటుంది? ఒక్కతే ఉంటున్న అమ్మ సంతోషించాల్సింది పోయి రావద్దని ఎందుకంటోంది?

నాదీ ఆ మండలమే. చేపల వేట మీద బతికిన ఇల్లు. విశాఖలో పదకొండేళ్ళు వెల్డింగ్ పని చేసి 2017లో వచ్చేశాను. ఇప్పుడు ఊళ్ళో చిన్న వెల్డింగ్ షాపు, ఎకరంన్నర జీడితోట, అమ్మ చేసే ఎండు చేపల బేరం. ఈ మూడూ కలిస్తేనే మా ఇల్లు గడుస్తోంది. ఏ ఒక్కదాన్నీ నమ్ముకునే పరిస్థితి లేదు.

"మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు డిసైడ్ అయిపోయాం" అని రాశారు. అక్కడ నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. సంక్రాంతికి మా వైపు ఎవరికైనా నచ్చుతుంది. ఎండ ఉండదు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల నిండా విదేశీ పక్షులు. మీరు గమనించారో లేదో, ఆ రోజుల్లో ఊళ్ళో వయసులో ఉన్న మగాళ్ళు చాలామంది ఉండరు. చేపల బోట్ల మీద పనికి గుజరాత్‌లో వేరావల్‌లో ఉంటారు. అందుకని ముందు సెలవు పెట్టి అక్టోబరులో పదిహేను రోజులు, మళ్ళీ ఏప్రిల్ చివర్లో పదిహేను రోజులు ఉండి చూడండి. ఒకటి తుపాన్ల నెల, రెండోది వేట నిషేధం. ఆ రెండింట్లో ఊరు నచ్చితే మిగతా ఏడాదికి భయం లేదు.

ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని గుజరాత్ దాకా ఎందుకు పోతారని విశాఖలో అందరూ అడిగేవారు. చేపలు లేక కాదు, పెద్ద బోటు కట్టుకునే చోటు లేక. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, పెద్ద బోట్లు నిలిచే చేపల హార్బరు లేకుండానే మా తాతల కాలం, నాన్నల కాలం గడిచిపోయింది. మన ఒడ్డున అల నేరుగా ఇసుక మీదే విరుగుతుంది. ఫైబర్ తెప్పను ఆ అల దాటించాలి, తిరిగొచ్చాక పదిమంది భుజం పట్టో, ట్రాక్టరు కట్టో పైకి లాగాలి. లాగగలిగినంత పడవే ఉంచుకోగలం. అంత పడవ తెల్లవారకముందు పోయి ఎండెక్కేసరికి వచ్చేయాలి, అంతే దూరం. ఆ దూరంలో ఎప్పుడైనా కోనెమో చందువో పడితే ఇంట్లో పండగ. ఎక్కువ రోజులు కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలే.

పడినదానికి ఒడ్డునే వేలం పాట పెడతారు. ఐసు పలాస నుంచి రావాలి కాబట్టి కొనేవాడికి తొందర ఉండదు, అమ్మేవాడికే తొందర. ఎండ ఎక్కేకొద్దీ ధర దిగుతుంది. మా అమ్మ జీవితమంతా అలా దిగిన ధరకు కొని, ఇసుక మీద ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళు తిరిగి అమ్మింది.

నాన్న పద్నాలుగు సీజన్లు వేరావల్ వెళ్ళాడు. ఆగస్టులో పలాసలో రైలెక్కితే మళ్ళీ వేసవికే రావడం. బోటు నడిపే తండేలు ముందే అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని కుదుర్చుకుంటాడు. ఆ అడ్వాన్సు ఇంట్లో పాత అప్పులకు పోయేది, అంటే నాన్న రైలెక్కేసరికే సంపాదనలో కొంత ఖర్చయిపోయి ఉండేది. ఆయన తర్వాత మా తమ్ముడు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తున్న మన జిల్లావాళ్ళను పాకిస్తాన్ పట్టుకుపోయింది గుర్తుందా? 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర అప్పగించలేదు. వాళ్ళొచ్చిన రెండు నెలలకే లాక్‌డౌన్. వేలమంది వేరావల్‌లో బోట్లలోనే ఇరుక్కుపోతే ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి తెచ్చారు. ఆ బస్సుల్లో తమ్ముడున్నాడు. దిగగానే ఇంక వెళ్ళనన్నాడు, వెళ్ళలేదు. ఇప్పుడు మూలపేట పోర్టు పనుల్లో టిప్పరు తోలుతున్నాడు. వాడి ఈడు కుర్రాళ్ళు మాత్రం ఇంకా వెళ్తూనే ఉన్నారు. నెలనెలా చేతికొచ్చే జీతం వదులుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆ పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. దాని పేరు చెప్పి మీ స్థలానికి ఎవరైనా పెద్ద ధర చెబితే తొందరపడకండి. అది సరుకు ఓడల రేవు. కట్టినన్నాళ్ళు డ్రైవర్లకు, వెల్డర్లకు పని ఉంటుంది, నాకూ కొంత దొరికింది. కట్టడం అయ్యాక క్రేన్లు నడిపేవాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు కావాలి. మన కుర్రాళ్ళలో ఆ చదువులు చదివినవాళ్ళు ఎంతమంది? నా వరకు నాకు మంచినీళ్ళపేటలో జెట్టీ, బుడగట్లపాలెంలో హార్బరు పనులే ఎక్కువ ముఖ్యం. పడవ నిలబడి, పక్కనే ఐసు దొరికితే పాటలో తొందర కొనేవాడికి మారుతుంది.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. 2025 నుంచి ప్రభుత్వం అర్హులకు 20,000 రూపాయలిస్తోంది. అంతకుముందు 10,000. రోజుకు వేసుకుంటే 330 లోపే, అయినా చేతికందితే నయమే. ఆ రెండు నెలలూ ఊళ్ళో వలలు బాగుచేసుకుంటారు, పేకాడతారు, పెళ్ళిళ్ళు చేస్తారు, అప్పులు చేస్తారు. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం లావెక్కేది అప్పుడే.

ఇక నేల సంగతి. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస అని మీకు తెలుసు. విశాఖలో దాచుకున్న డబ్బంతా పెట్టి 2017లో తోట కొన్నాను. కాపుకొచ్చిన జీడిచెట్లు 62, గట్టు మీద కొబ్బరి. ఏడాది తిరక్కుండా 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను సరిగ్గా మన మీదుగా తీరం దాటింది. ముందురోజు సాయంత్రం తుపాను షెల్టరుకు పోదామంటే అమ్మ కదల్లేదు. "ఏట్రా, విశాఖలో ఉండి గాలి మర్చిపోనావా?" అని నన్నే అంది. రాత్రి వంటింటి పెంకులు లేచిపోతుంటే మంచం కింద దూరి నా చెయ్యి వదల్లేదు.

తెల్లారాక తోటకు వెళ్ళాను. గట్టు మీద నిలబడితే సముద్రం కనిపించింది. అక్కడి నుంచి అంతకుముందు ఎప్పుడూ కనిపించేది కాదు, మధ్యలో ఊళ్ళ తోటలుండేవి. నా 62 చెట్లలో 9 మిగిలాయి. పడిపోయిన మానులు కోయించి, తొలగించడానికే ఇంకో అప్పు చేశాను. కరెంటు మా వీధికి ఇరవై రోజులు దాటాక వచ్చింది. కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు, జీడి కొంచెం ముందు. ఆ ఏళ్ళలో చాలామంది రైతులు తోట కౌలుకిచ్చి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్లుగా చేరారు. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎవరున్నారో ఒకసారి ఊరు అడిగి చూడండి.

ఇప్పుడు నా తోట మళ్ళీ కాస్తోంది. జీడిపిక్కల ధర మాత్రం మన చేతిలో లేదు. పలాస ఫ్యాక్టరీలకు ఆఫ్రికా పిక్కలు దిగితే మన 80 కిలోల బస్తా ధర పడిపోతుంది. ఇంకో సంగతి, పాపను తోటలోకి ఒంటరిగా పంపకండి. ఎలుగుబంట్లు. జీడిపళ్ళు, పనసపళ్ళు వాసనకొచ్చే రోజుల్లో అవి ఊళ్ళోకే వస్తున్నాయి. మనుషుల్ని చంపిన సంగతులు మీరూ పేపర్లో చూసే ఉంటారు. మేం తెల్లవారుజామున పిక్కలు ఏరడం మానేశాం. పొద్దెక్కాక నలుగురం కలిసి, మాట్లాడుకుంటూ వెళ్తాం.

ఉద్దానాన్ని పట్టుకున్న కిడ్నీ జబ్బు గురించి మీరు అడగలేదు, అడగాల్సింది. మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్‌కు తిరిగారు, ఇద్దరు పోయారు. నీళ్ళ వల్లా, ఎండలో పని వల్లా, ఇంకేదైనానా అన్నది ఎంతమంది వచ్చి పరీక్షలు చేసినా తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకుముందు మంచి డాక్టరంటే విశాఖే. అయినా మా ఇంట్లో తాగడానికి ఇప్పటికీ టిన్ను నీళ్ళే కొంటాం, అలవాటైన భయం. మీరొచ్చాక మొదటి పని మీ అమ్మగారికి క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష చేయించండి, మీకూ ఆరు నెలలకోసారి. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఇచ్చే మాత్రలు ఆవిడ ఎన్ని మింగుతున్నారో కూడా కనుక్కోండి. నొప్పి మాత్రలు కిడ్నీకి చెరుపు. మా అమ్మ డబ్బా నిండా దాచుకుని కనిపించింది.

ఇంటర్నెట్ గురించి పెద్ద టెన్షన్ వద్దు. ఫైబర్ లైను వచ్చింది, మామూలు రోజుల్లో మీ పని జరుగుతుంది. గాలి గట్టిగా వీస్తే ముందు పోయేది కరెంటు, తర్వాత నెట్టు, చివర్లో సెల్ టవరు. అక్టోబరు, నవంబరు నెలల్లో వారం రోజులు మీరు కనబడకపోయినా ఊరుకునే మేనేజరేనా, ముందే మాట్లాడుకోండి. పలాసలో ఎవరైనా బంధువుల ఇంట్లో ఒక గది చూసుకుంటే ఇంకా మంచిది. రెండోది ఉప్పు గాలి. వెల్డరుగా చెబుతున్నాను, ఇక్కడ ఇనుము బతకదు. గ్రిల్స్, గేటు, ఫ్రిజ్ వెనక పైపులు, ఏసీ బయటి డబ్బా అన్నీ సిటీలో కంటే ముందే పోతాయి. ల్యాప్‌టాప్ సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. కిటికీలకు ఇనుప గ్రిల్ వద్దు, నా షాపుకు బేరం పోయినా సరే, అల్యూమినియం పెట్టించుకోండి.

పాప చదువు పదో తరగతి దాకా గడిచిపోతుంది. కాశీబుగ్గ స్కూళ్ళ బస్సులు ఊళ్ళోకి వస్తాయి, రోజూ రానూ పోనూ గంటన్నర బస్సులో పోతుంది. మా అమ్మాయి అలాగే చదివింది, ఇప్పుడు విశాఖలో ఇంటర్. ఊళ్ళో నేను చూసినంతలో ఆడపిల్లలే చదువు ఆపకుండా వెళ్తున్నారు. మగపిల్లలు పదో తరగతి అవ్వగానే బోటు అడ్వాన్సు వైపు చూస్తున్నారు. మీ పాప చదివాక చేసే ఉద్యోగం ఇక్కడ ఉంటుందా అంటే, టీచరో నర్సో గ్రామ సచివాలయంలో ఉద్యోగమో అయితే ఉంటుంది, లేదంటే లేదు. మీరు పద్దెనిమిదేళ్ళప్పుడు ఎక్కిన రైలే తనూ ఎక్కుతుంది. ఈలోపు పదేళ్ళు నానమ్మ దగ్గర పెరుగుతుంది, ఈత వస్తుంది, చేప ముల్లు తీసుకుని తినడం వస్తుంది.

మీ ఆవిడ గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆవిడ ఉద్యోగం ఏమిటి, ఊరికి రావడం ఆవిడకు ఇష్టమేనా అన్నది నా లెక్కలో ఇంటర్నెట్ కంటే పెద్ద విషయం. మా ఆవిడది పక్క మండలమే, సముద్రం కొత్త కాదు, అయినా మొదటి ఏడాది ఏడ్చింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పిక్కలు కొట్టడానికి వెళ్ళింది. జీడి సొనకు వేళ్ళు నల్లబడి తోలు ఊడిపోతుంటే నేనే మాన్పించాను. ఇప్పుడు షాపు లెక్కలు తనవే.

డబ్బు విషయం ఒక్క మాటలో చెబుతాను. మీ జీతం బయటి నుంచి వస్తున్నంతకాలం మీరు ఊళ్ళో హాయిగా ఉంటారు. ఆ ఉద్యోగం పోతే సముద్రాన్నో తోటనో నమ్ముకుందామనుకుంటే మాత్రం రాకండి. కనీసం ఏడాది ఖర్చు బ్యాంకులో పెట్టుకుని రండి. నేనలా పెట్టుకోకుండా తోటలో పోసినవాణ్ణి.

ఇక అమ్మగారు వద్దనడం. మా అమ్మా అంతే. 2017లో నేను సామాన్లతో ఆటో దిగితే నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు నుంచి వీధిలో అందరికీ "సెలవు మీద వచ్చినాడు" అని చెప్పింది. ఎనిమిది నెలలు అదే చెప్పింది. నాన్నను పద్నాలుగు సార్లు రైలెక్కించి, గంపలు మోసి నన్ను ఐటీఐ చదివించింది ఈ ఇసుక నుంచి బయటపడతానని. తిరిగొస్తే ఆవిడ లెక్కలో నేను ఓడిపోయి వచ్చినట్టే. తిత్లీ అయ్యాక, నేను ఇంట్లో ఉండబట్టే ఆ రాత్రి గడిచిందని పిన్ని ఎవరో అంటే ఒప్పుకుంది, ఆ ఒక్కసారే. మొన్న ఎండు చేపలకు కొత్త బేరగాడు వచ్చాడు. మీ పెద్దోడు ఏం చేస్తాడమ్మా అని అడిగాడు. "విశాఖలో ఉద్యోగం" అంది అమ్మ. నేను పది అడుగుల దూరంలో గేటుకు వెల్డింగ్ పెడుతున్నాను.