గీజర్ థర్మోస్టాట్ కొనేముందు స్కేలు పెట్టి కొలవండి

ప్రశ్న: నమస్తే సార్. మాది హైదరాబాద్, వనస్థలిపురం. మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. ఇంటివాళ్లు పెట్టించిన 25 లీటర్ల గీజర్ ఉంది, ఏడేళ్లయిందట. బోరు నీళ్లే. నెల రోజులుగా నీళ్లు సలసలా కాగిపోతున్నాయి, లోపల గుడగుడమని శబ్దం, ఎర్ర లైటు ఆరదు. పది రోజుల కిందట మొత్తానికే ఆగిపోయింది. మెకానిక్ వచ్చి ఏదో వైరు కలిపి, "ప్రస్తుతానికి నడుస్తుందమ్మా, థర్మోస్టాట్ తెచ్చి పెట్టండి, వచ్చి మారుస్తా" అని వెళ్లాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. షాపుకెళితే రాడ్డుదా, క్యాపిలరీదా, పొడుగెంత అని అడుగుతున్నారు. మావారేమో నేనే మార్చేస్తానంటున్నారు. ఏది కొనాలి? మేమే మార్చుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు లేచి వెళ్లి గీజర్ ఎంసీబీ దించేయండి. బాత్రూమ్ బయటి స్విచ్ కాదు, బోర్డులో ఉన్న ఎంసీబీ, అదే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే మీట. దించేశాక వచ్చి మిగతాది చదవండి.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట "ఏదో వైరు కలిపి" అన్నది. గీజర్‌లో వేడిని ఆపేవి రెండుంటాయి. నీళ్లు సరిపడా కాగగానే కరెంటు ఆపి, చల్లబడితే మళ్లీ ఇచ్చేది థర్మోస్టాట్. అది మొరాయించి ఆపకపోతే, నీళ్లు మరిగే దాకా పోకుండా మొత్తం తెంచేసేది థర్మల్ కటౌట్. మీ ఇంట్లో థర్మోస్టాట్ అతుక్కుపోయింది, అందుకే లైటు ఆరలేదు. పది రోజుల కిందట గీజర్ ఆగిపోవడం చెడిపోవడం కాదు, కటౌట్ తన పని తాను చేసింది. మీ మెకానిక్ బహుశా ఆ కటౌట్ రెండు కొసలనూ ఓ వైరు ముక్కతో కలిపేశాడు. దీన్ని మా భాషలో డైరెక్ట్ చేయడం అంటాం. అదే చేసుంటే ఇప్పుడు ఆ ట్యాంకుకి మిగిలిన దిక్కు సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. ఏడేళ్ల బోరు నీళ్లకి ఆ వాల్వ్‌లో కూడా ఉప్పు పేరుకుని బిగుసుకుపోయి ఉంటే ఆవిరికి పోయే దారి ఉండదు. ట్యాంకులు పగిలేది అలాగే.

కాబట్టి మీరు కొనాల్సింది ఒకటి కాదు, రెండు. థర్మోస్టాట్‌తో పాటు కటౌట్ కూడా. కొన్ని గీజర్లలో రెండూ ఒకే డబ్బాలో కలిసొస్తాయి. విడిగా ఉన్నా ఏమంత ఖరీదు కాదు, వందల్లోనే అయిపోతుంది. ఆ ఖర్చు ఇంటివాళ్లు పెట్టుకోవాలని నా అభిప్రాయం. గీజర్ వాళ్లదే కదా.

ఇక ఏ రకం అన్నది. కింద మూత తీసి చూస్తే తెలిసిపోతుంది. గుండ్రటి నల్ల తల, దానికి పెన్సిల్‌లా నిటారుగా ఒక రాడ్డు ఉంటే అది రాడ్డు థర్మోస్టాట్. చూడ్డానికి ఒట్టి కడ్డీలా ఉంటుంది గానీ బయటిది ఇత్తడి గొట్టం, లోపల నికెల్ కలిసిన ఇనుప కడ్డీ. వేడికి ఇత్తడి సాగుతుంది, లోపలి కడ్డీ దాదాపు సాగదు. వెంట్రుకవాసి ఆ తేడాతోనే తలలో స్విచ్ టక్కుమని విడిపోతుంది. అలా కాకుండా సన్నటి రాగి తీగలాంటిది చుట్ట చుట్టి, దాని కొసన చిన్న గొట్టం బుడ్డిలా ఉంటే అది క్యాపిలరీ. ఆ తీగ కూడా బోలుదే, లోపల ద్రవం ఉంటుంది. ఎక్కడైనా మడత పడితే కొత్తదైనా పనికిరాదు. ఏది ఉంటే అదే కొనండి.

రాడ్డుదైతే పొడుగు స్కేలుతో కొలవండి. ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే నేను దెబ్బ తిన్నాను గనక. గుంటూరులో షాపు పెట్టిన కొత్తల్లో, సంక్రాంతి ముందు ఊపిరాడని పనుల్లో, 11 అంగుళాల రాడ్డు ఉండాల్సిన గీజర్‌లో చేతికందిన 7 అంగుళాలది దూర్చేశాను. ఇట్టే పట్టింది, లైటు వెలిగింది, డబ్బులు తీసుకుని వచ్చేశాను. పండగ మర్నాడు ఆ ఇంటి పెద్దాయన చెయ్యి చూపించుకుంటూ షాపుకొచ్చారు, మణికట్టు మీద బొబ్బ. నిలువు గీజర్‌లో రాడ్డు కింది నుంచి పైకి పోతుంది. పొట్టి రాడ్డు కిందనున్న చల్లటి నీళ్లనే చూసుకుంటూ ఇంకా కాగలేదనుకుంది. కుళాయిలోకొచ్చేది పై నీళ్లు, అవి ఎప్పుడో కాగిపోయాయి. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "అబ్బాయీ, మా మనవడు స్నానం చేసుంటే?" అని ఒక్క మాట అని కూర్చున్నారు.

పొడుగు తర్వాత ఆంపియర్లు చూడండి. మీది 2000 వాట్ల కాయిల్ అయి ఉంటుంది. 230 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. థర్మోస్టాట్ మీద 16 ఆంపియర్లు అని ఉంటే నిశ్చింత. అన్నిటికన్నా సులువు, పాతది ఊడదీసి చేత్తో పట్టుకెళ్లడం. గీజర్ మోడల్ నంబర్ ఫోటో కూడా తీసుకెళ్లండి.

మీవారు మార్చగలరా? టెస్టర్ పట్టుకోవడం వచ్చి, నిదానస్తులైతే మార్చగలరు. ట్యాంకులో నీళ్లు ఖాళీ చేయక్కర్లేదు. రాడ్డు నీళ్లలోకి పోదు, మూసున్న గొట్టంలోకి పోతుంది. ఎంసీబీ దించి, ప్లగ్ ఉంటే అదీ పీకేసి, నీళ్లు చల్లారనిచ్చి మూత విప్పాలి. వైర్లన్నీ టెస్టర్‌తో చూడాలి, ఒక్కటి కాదు. పాత ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైనవి నేను లెక్కలేనన్ని చూశాను. ఫేజు వైరు థర్మోస్టాట్ గుండానే కాయిల్‌కి వెళ్లాలి. తారుమారైతే గీజర్ ఆగినట్టు కనిపిస్తుంది గానీ కాయిల్‌లో కరెంటు ఉండనే ఉంటుంది. ఏదీ పీకకముందు సెల్‌ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకోమనండి. వైరు కొసన ఉండే లగ్గు నల్లగా మాడి ఉంటే అలాగే తగిలించొద్దు, కోసి కొత్తది వేయించాలి. వదులు లగ్గు కొత్త థర్మోస్టాట్‌ని కూడా కాల్చేస్తుంది. మెకానిక్ వేసిన ఆ వైరు ముక్క కనిపిస్తే తీసి పారేయమనండి. ఎర్తు వైరు ఊడి ఉంటే మాత్రం అక్కడితో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

బిగించాక వేడి నీళ్ల కుళాయి తిప్పి, గాలి లేకుండా ధార వచ్చాకే ఎంసీబీ ఎత్తాలి. నాబ్ ఉంటే 60 డిగ్రీల దగ్గర పెట్టండి. అంతకు పైన పెడితే కాయిల్‌కి ఉప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఆ 60 కూడా తక్కువేం కాదు, నేరుగా ఒంటి మీద పడితే కొన్ని సెకన్లలోనే కాలుతుంది, చన్నీళ్లు కలుపుకోవాల్సిందే. ఇప్పుడు గడియారం చూడండి. 25 లీటర్లు మామూలు నీళ్ల నుంచి 60 డిగ్రీలకి రావడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు, 2000 వాట్ల కాయిల్‌తో అరగంట పైన. చలికాలం ఇంకో ఐదు నిమిషాలు వేసుకోండి. ఈలోపు కుళాయి తిప్పకుండా ఉంటే, ముప్పావుగంట దాటినా లైటు ఆరలేదంటే ఎంసీబీ దించేసి, మళ్లీ ఎత్తకుండా మెకానిక్‌ని పిలవండి.

ఒకటి చెప్పాలి. కొత్త థర్మోస్టాట్‌తో వేడి అదుపులోకొస్తుంది గానీ ఆ గుడగుడ పోదు. అది కాయిల్ మీద, రాడ్డు దూరే గొట్టం మీద పేరుకున్న సున్నం. గొట్టానికి సున్నం కప్పేస్తే థర్మోస్టాట్‌కి వేడి ఆలస్యంగా తెలుస్తుంది. నీళ్లు దించి, కింది ప్లేటు విప్పి, కాయిల్ గీకించి, ట్యాంకుకి తుప్పు పట్టకుండా తాను అరిగే ఆనోడ్ రాడ్ అయిపోతే మార్పించి, కొత్త గ్యాస్కెట్ వేయించండి. అప్పుడే సేఫ్టీ వాల్వ్ కూడా చూపించండి. ఇది మాత్రం మీవారితో వద్దు. గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే రాత్రంతా కారి కింది పోర్షన్ వాళ్ల సీలింగ్ దాకా పోతుంది, అప్పుడు ఇంటివాళ్లతో మాట్లాడాల్సింది మీరే.

ప్రశ్న: ఎండలకి ఫ్రిజ్ నాబ్ 7లో పెట్టాం. మోటారు ఆగడమే లేదు. థర్మోస్టాట్ పోయిందా? (తెనాలి నుంచి)

జవాబు: పోయి ఉండకపోవచ్చు. ఆ అంకెలు డిగ్రీలు కావు, పెంచేకొద్దీ ఇంకా చల్లగా కావాలని అడగడం. తెనాలి ఎండల్లో 7 అడిగితే ఫ్రిజ్ పగలంతా పరిగెత్తుతూనే ఉంటుంది. 3కో 4కో తగ్గించి ఒక రోజు చూడండి. అప్పటికీ ఆగకపోతే పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి, జారి వచ్చేస్తే తలుపు రబ్బరు మార్చాలి. నోటు గట్టిగా పట్టుకుందా, అయితే నాబ్ సున్నాకి తిప్పండి. టక్కుమని మోటారు ఆగిందంటే థర్మోస్టాట్ స్విచ్ అతుక్కోలేదు, లోపం ఇంకెక్కడో ఉంది. సున్నాలో కూడా నడుస్తూనే ఉంటే అప్పుడు మార్పించండి.