కందులకు నూనె పట్టించేది పుచ్చక ముందే

ప్రశ్న: ఈసారి రెండు క్వింటాళ్ల కందులు ఇంట్లోకి, 20 కిలోలు విత్తనానికి ఉంచుకున్నాను. నిరుడు ఉగాదికల్లా గింజలన్నీ బొక్కలు పడ్డాయి. అప్పుడు వేపనూనె కలిపినా పురుగు ఆగలేదు. ఏ నూనె, ఎంత కలపాలి? మొలక దెబ్బతింటుందా సార్?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: బొక్కలు కనబడ్డాక కలిపారు కాబట్టే నిరుడు నూనె పనిచేయలేదు. ఈ పెంకు పురుగు చేలో ఉండగానే కాయల మీద గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఇంటికొచ్చాక గింజలకు అతుక్కుని కనబడే తెల్లని చుక్కలు దాని గుడ్లే. పిల్ల పురుగు గుడ్డు కింది నుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. సుమారు నెలకు పెంకు పురుగై, గుండ్రటి బొక్క చేసుకుని బయటికొస్తుంది. అంటే బొక్క కనబడేసరికి ఒక తరం అయిపోయినట్టే. నూనె పొర గుడ్డుకు గాలి అందనివ్వదు, కొత్త గుడ్లను గింజకు సరిగా అతుక్కోనివ్వదు. లోపల ముదిరిన పురుగు జోలికి మాత్రం పోలేదు.

అందుకని ముందు బాగా ఎండబెట్టండి. తేమ 9 శాతానికి దిగాలి, పంటితో కొరికితే గింజ టక్కున విరగాలి. చల్లారాకే నూనె పట్టించండి.

మోతాదు కిలోకు 5 మి.లీ. విత్తనానికి వేపనూనె గానీ కానుగ నూనె గానీ 100 మి.లీ. సరిపోతుంది. తినే కందులకు వేప వద్దు, చేదు, వాసన పడతాయి. ఆముదమో పల్లీనూనో వాడండి, రెండు క్వింటాళ్లకు లీటరు. నన్నడిగితే ఆముదమే మేలు. చిక్కగా ఉంటుంది కాబట్టి కాసేపు ఎండలో పెట్టి పలచబడ్డాక వాడండి. రాశి మీద ఒకేసారి పోయకండి, నూనె అంటని గింజలు మిగిలితే పురుగుకు అవే చాలు. టార్పాలిన్ మీద పది కిలోల చొప్పున పోసుకుని, 50 మి.లీ. చల్లి, ప్రతి గింజా మెరిసేదాకా చేతులతో రుద్దాలి. ఇక్కడ తొందరపడితే నూనె దండగే.

ఈ మోతాదులో మొలకకు భయం లేదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. ఎలాగూ విత్తే ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూసుకుంటారు కదా.

పాత గోనెసంచులైతే మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టాకే నింపండి. చెక్కల మీద, గోడకు ఆనకుండా పేర్చండి. పురుగు కనబడిందని, పురుగును చంపే మందు బిళ్లలు మాత్రం మనుషులుండే ఇంట్లో పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే విషపు గాలి ప్రాణం తీస్తుంది.

ఇంట్లోకి ఉంచినవాటిలో సగం ఇప్పుడే పప్పు పట్టించుకోండి. విరిచిన పప్పులో ఈ పురుగు అంతగా పెరగదు. పొట్టు ఊడటానికి మిల్లులోనూ కందులకు నూనె పట్టిస్తారు, కాబట్టి ఆముదం రాసిన మిగతా సగాన్ని తర్వాత పట్టించినా ఇబ్బందేమీ ఉండదు.